సర్పంచ్‌గా పోటీ చేయాలంటే పొలం అమ్మాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో దాదాపు 1,400 ఓట్లు, పది వార్డులు ఉన్న పంచాయతీ. నాకు 36 ఏళ్లు. డిగ్రీ వరకు చదివాను, చాలా ఏళ్లుగా పొదుపు సంఘంలో ఉన్నాను, ప్రస్తుతం గ్రామ సమాఖ్య అధ్యక్షురాలిని. రాబోయే ఎన్నికల్లో మా ఊరు జనరల్ మహిళకు రిజర్వు కావచ్చని అంటున్నారు. పోటీ చేయాలన్న కోరిక నాదే. మావారు సరేనన్నారు గాని, అర ఎకరం అమ్మితే తప్ప పది లక్షలు చేతికి రావని, అంత లేకుండా దిగితే పరువు పోతుందని ఆయన స్నేహితులు చెబుతున్నారు. ఎదుటివారిది రెండు తరాలుగా సర్పంచ్ పదవిలో ఉన్న కుటుంబం. ఊరి పెద్దలు ఏకగ్రీవం చేద్దామంటున్నారు. పార్టీ కండువా వేసుకోక తప్పదని మరికొందరు అంటున్నారు. నలుగురిలో మైకు పట్టుకొని మాట్లాడిన అలవాటు నాకు లేదు. ప్రచారం ఎక్కడ మొదలుపెట్టాలో, ఎలా చేయాలో చెప్పండి.
– పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు అడిగిన మిగతా విషయాలన్నీ పొలం సంగతి తేలిన తర్వాతే మాట్లాడుకోదగినవి కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. పొలం అమ్మవద్దు, నగలు కుదువ పెట్టవద్దు, వడ్డీకి తేవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచ్‌కు ఇచ్చే గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. అయిదేళ్ల పాటు ఒక్క నెల కూడా తప్పకుండా అందినా మొత్తం 1,80,000 దాటదు. పది లక్షలు పెట్టి గెలిచిన మనిషికి మిగిలిన ఎనిమిది లక్షల ఇరవై వేలు ఎక్కడి నుంచి రావాలో మీరూ మీ వారూ కూర్చొని లెక్క వేసుకోండి. అది కాలువ పనుల్లో నుంచో, వీధి దీపాల బిల్లులో నుంచో రావాలి. లేదంటే అసలు రాకుండానే పోవాలి. పొదుపు సంఘాల లెక్కలు ఇన్నేళ్లు చూసిన మీరు మొదటి దారి పట్టలేరు గనుక మీకు మిగిలేది రెండోదే. పైగా గెలిచాక సర్పంచ్ సొంత డబ్బు పెట్టి పనులు చేయించి, బిల్లుల కోసం నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరగడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్త సంగతి కాదు. అప్పటికే పొలం అమ్ముకున్న మనిషి ఆ తిరుగుడును తట్టుకోలేరు.

చట్టం కూడా మీ వారి స్నేహితుల లెక్కను ఒప్పుకోదు. 2021 పంచాయతీ ఎన్నికల్లో పదివేల లోపు జనాభా ఉన్న పంచాయతీల్లో సర్పంచ్ అభ్యర్థి లక్షన్నరకు మించి ఖర్చు చేయకూడదన్న పరిమితి ఉండేది. ఈసారి ఎంత నిర్ణయిస్తారో నోటిఫికేషన్ వచ్చాక మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీఓ) కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. మీ ఊరి వంటి చోట కరపత్రాలు, నమూనా బ్యాలెట్లు, రెండు మూడు రోజులు మైకు కట్టిన ఆటో, వెంట తిరిగే వాళ్లకు టీ, టిఫిను, పోలింగ్ ఏజెంట్లకు భోజనం, ఇవన్నీ కలిపినా ఆ పరిమితిలో సగం కూడా కాదు. పది లక్షలు అంటున్నారంటే అందులో ఎక్కువ భాగం ఓటుకు ఇంత అని పంచడానికి, రాత్రిపూట మందుకు అని అర్థం. ఆ మాట వాళ్లు పైకి అనరు గాని మీరు అడిగితే కాదని కూడా అనలేరు. 2020లో రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం డబ్బు, మద్యం పంచినట్టు రుజువైతే గెలిచిన తర్వాత కూడా పదవి పోవచ్చు, మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. కాబట్టి మీ ఇంట్లో ఇబ్బంది లేకుండా తీయగలిగిన మొత్తం ఎంతో ముందే తేల్చుకొని, పోయినా బెంగలేదు అనుకోగలిగిన ఆ డబ్బుతోనే దిగండి. అది ముప్పై వేలే అయినా ఫరవాలేదు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్న. 2021 ఫిబ్రవరిలో జరిగిన తొలి విడత ఎన్నికల క్రమాన్ని ఒకసారి చూడండి. జనవరి 29 నుంచి 31 వరకు నామినేషన్లు తీసుకున్నారు, ఫిబ్రవరి 4న ఉపసంహరణ గడువు ముగిసి గుర్తులు కేటాయించారు, 9న పోలింగ్ జరిగింది, ఆ సాయంత్రమే లెక్కింపు మొదలైంది. అంటే గుర్తు చేతికి వచ్చిన తర్వాత అభ్యర్థికి మిగిలింది గట్టిగా అయిదు రోజులు. అందులోనూ పోలింగ్‌కు ముందు ప్రచారం ఆపేయాల్సిన సమయం తీసేస్తే ఇంకా తక్కువ. నోటిఫికేషన్ వచ్చాక చూద్దాం అనుకునే వాళ్లు ఆ అయిదు రోజుల్లో చేయగలిగింది డప్పులు కొట్టించడం, డబ్బు పంచడం, ఈ రెండే. వేరే మార్గంలో ఓటు అడగడానికి వాళ్లకు సమయం ఉండదు. మీ దగ్గర లేనిది డబ్బు, ఉన్నది సమయం కాబట్టి మీ ప్రచారం ఇప్పుడే, ఈ వారమే, చప్పుడు లేకుండా మొదలుకావాలి.

మొదట చేయాల్సింది వార్డులవారీ ఓటర్ల జాబితా సంపాదించడం. పంచాయతీ జాబితాను అసెంబ్లీ జాబితా ఆధారంగానే తయారుచేస్తారు గనుక అందులో పేరు లేనివారికి ఇక్కడా ఓటు ఉండదు. 2021 ఎన్నికలు 2019 నాటి జాబితాతో జరగడం వల్ల, ఆ రెండేళ్లలో పద్దెనిమిది నిండిన లక్షల మంది యువతీయువకులు ఓటు వేయలేకపోయారు. మీ ఊళ్లో కొత్తగా ఓటు రావాల్సిన పిల్లలు ఎవరు, కోడళ్లుగా వచ్చి ఇంకా పుట్టింటి ఊరి జాబితాలోనే ఉన్నవారు ఎవరు, చనిపోయినా పేరు తొలగనివారు ఎవరు అన్నది మీ వంటి మనిషికి ఒక్క పూటలో తెలిసిపోతుంది. వాళ్లకు దరఖాస్తు నింపి ఇవ్వడం ఓటు అడగడం కాదు, ఎవరికైనా చేయవలసిన పనే. అయితే ఊళ్లో మిమ్మల్ని గుర్తుంచుకునే మొదటి పని కూడా అదే అవుతుంది. ఆ జాబితాలో మీ పేరు, ఇంటి నంబరు, వయసు సరిగ్గా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. మీ ఇంటి పన్ను, కుళాయి పన్ను బకాయి లేకుండా కట్టి రసీదులు జాగ్రత్త చేయండి, ఎందుకంటే పంచాయతీకి బకాయి ఉందన్న అభ్యంతరంతో నామినేషన్ల పరిశీలన రోజున గొడవపడే అభ్యర్థులు ప్రతిసారీ కనబడతారు. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న పాత నిబంధనను 2024లో తొలగించారు. దాన్ని చెప్పి మిమ్మల్నో, మీతో వార్డుకు నిలబడే వారినో ఎవరైనా భయపెడితే నమ్మవద్దు.

జాబితాతో పాటు ఒక పొడవాటి లెక్కల పుస్తకం కొనండి. వార్డుకు కొన్ని పేజీలు కేటాయించి, ఇంటి నంబరు, ఆ ఇంట్లోని ఓటర్ల పేర్లు, ఫోను నంబరు, ఊళ్లో ఉంటున్నారా లేక హైదరాబాదు, బెంగళూరు పనులకు వెళ్లారా, వాళ్లు ఏమడిగారు అన్న గడులు గీయండి. కులానికి గడి పెట్టవద్దని నా గట్టి సలహా. ఆ గడి పెట్టగానే మీ కళ్లు ఇళ్లను వదిలేసి గుంపులను లెక్కపెట్టడం మొదలుపెడతాయి. అప్పుడు "ఆ వీధి ఓట్లు నా చేతిలో ఉన్నాయి" అంటూ వచ్చే మధ్యవర్తికి మీరు దొరికిపోతారు. ఆ మనిషి అదే వీధిని ఎదుటివారికి కూడా అమ్ముతుంటాడు. 1,400 ఓట్లంటే సుమారు 450 ఇళ్లు. సాయంత్రం పొలాల నుంచి జనం తిరిగి వచ్చాక రోజుకు పదిహేను ఇళ్లు చూస్తే నెల రోజుల్లో ఊరంతా ఒకసారి పూర్తవుతుంది. 2021లో రాష్ట్రంలో పోలింగ్ 80 శాతం దాటింది. ఆ లెక్కన మీ ఊళ్లో పోలయ్యేవి 1,130 దాకా ఉంటాయి, ముఖాముఖి పోటీలో 570 వచ్చిన వారు గెలుస్తారు. రెండు వందల ఇళ్ల నమ్మకం సంపాదించగలనా అని మిమ్మల్ని మీరు అడగండి. పది లక్షలు తేగలనా అన్నదాని కంటే అది మీకు నిజంగా జవాబు చెప్పగలిగిన ప్రశ్న.

మొదటి విడత తిరగడంలో ఓటు అడగవద్దు. మీకు బాగా తెలిసిన మీ వీధితో కాకుండా, మీరు ఎప్పుడూ గడప తొక్కని వీధితో మొదలుపెట్టండి. చాలా ఊళ్లలో అది ఎస్సీ కాలనీయో, ఊరి చివర యానాదుల ఇళ్లో అయి ఉంటుంది. అభ్యర్థులు అక్కడికి ఆఖరి రోజు రాత్రి డబ్బు సంచితో మాత్రమే వెళ్తుంటారు. మీరు పగలు వెళ్లండి, అరుగు మీద కూర్చోండి, ఇచ్చిన మంచినీళ్లు తాగండి. "కుళాయికి నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తున్నాయమ్మా, ఏ వేళకు వస్తున్నాయి? ఈ స్తంభానికి దీపం వెలగక ఎన్నాళ్లయింది? వాన పడితే నీరు ఎటు పోతోంది?" అని అడిగి, వాళ్లు చెప్పిన మాటను వాళ్ల ముందే పుస్తకంలో రాయండి. ఆ ఇంటి పెద్దావిడ "రాసుకుంటున్నావా తల్లీ, ఇంతకు ముందు ఎవరూ రాయలేదు" అంటే, ఆ మాట ఆ సాయంత్రానికి పది ఇళ్లకు చేరుతుంది. మీతో ఇద్దరు ముగ్గురికి మించి రాకూడదు. పాతికమంది వెంట వస్తే ఇంట్లోవాళ్లు మర్యాదకు నవ్వి పంపిస్తారే తప్ప ఒక్క నిజమైన మాటా చెప్పరు. అలాగే, వచ్చిన వారిని కాదని పంపడం మన పల్లెల్లో అలవాటు లేదు గనుక "నీకు కాకపోతే ఎవరికి వేస్తాం" అన్న ప్రతి మాటనూ ఓటుగా లెక్క కట్టవద్దు. తేలని ఇంటిని తేలనిదిగానే రాసుకోండి.

ఇక్కడ మీ సమాఖ్య పదవి గురించి ఒక హెచ్చరిక అవసరం. పొదుపు సంఘాల్లో మీకున్న పరిచయం మీ పెద్ద బలం, నిస్సందేహంగా. కానీ సంఘ సమావేశంలో ఓటు మాట ఎత్తవద్దు, సమాఖ్య డబ్బును, పుస్తకాలను, కార్యాలయాన్ని ప్రచారానికి వాడవద్దు. అప్పు తీర్మానం మీద మీ సంతకం కావలసిన మహిళ మీ ఎదుట కూర్చొని ఓటు వేయనని చెప్పలేదు. ఆ మౌనాన్ని మీరు మద్దతు అనుకుంటారు, ఆమె దాన్ని ఒత్తిడి అనుకుంటుంది, ఎదుటివారు దాన్ని ఫిర్యాదుగా మారుస్తారు. నామినేషన్ వేసే ముందు అధ్యక్ష బాధ్యతను మరొకరికి అప్పగించగలిగితే ఇంకా మంచిది.

నెల తిరిగేసరికి మీ పుస్తకంలో నాలుగైదు విషయాలు మళ్లీ మళ్లీ కనబడతాయి. మీ హామీలు వాటిలో నుంచే రావాలి, అవి కూడా పంచాయతీ చేతిలో ఉన్నవే కావాలి. పింఛను, రేషన్ కార్డు, ఇల్లు మంజూరు చేసే అధికారం సర్పంచ్‌కు లేదు. చాలామంది అభ్యర్థులు ఇవే ఇప్పిస్తామని చెప్పి గెలిచి, ఏడాది తిరక్కుండా మొహం చాటేస్తారు. వీధి దీపాలు, మురుగు కాలువలు, తాగునీటి ట్యాంకు శుభ్రం, చెత్త, శ్మశానానికి దారి, ఇంటి పన్ను వసూలు, ఇవి పంచాయతీవి. కేంద్రం నుంచి 15వ ఆర్థిక సంఘం ద్వారా వచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలన్న షరతు ఉండేది. కాబట్టి నీళ్ల గురించి, కాలువల గురించి మీరిచ్చే మాటకు నిధుల ఆధారం చూపగలరు. సిమెంటు రోడ్డు వంటివి ఎక్కువగా ఉపాధి హామీ నిధులతో వస్తాయి, ఆ పనుల జాబితాను గ్రామసభ ఆమోదించాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపింది ఆ ఆమోదం కోసమే. మీ ఊళ్లో ఆ రోజు ఏయే పనులు ఒప్పుకున్నారో, వాటిలో ఏవి పూర్తయ్యాయో, ఏవి కాగితం మీదే ఉన్నాయో పంచాయతీ కార్యదర్శిని అడగండి, చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఎదుటి కుటుంబాన్ని ఒక్క మాట అనకుండా, ఆ జాబితాను చదివి వినిపించినా చాలు.

మైకు గురించి మీరు పడుతున్న భయం అనవసరం. 450 ఇళ్ల ఊరికి ఉపన్యాసాలతో పని లేదు. గుర్తు వచ్చిన తర్వాత ప్రతి వార్డులో ఒక చెట్టు కిందో, గుడి ముందో నిలబడి నాలుగు మాటలు చెప్పగలిగితే సరిపోతుంది. అవి ఇలా ఉండవచ్చు: "నేను సమాఖ్య లెక్కలు చూశాను, రూపాయి తేడా వచ్చిందని ఎవరూ అనలేదు. మీ వార్డులో మీరు చెప్పినవి ఇవీ" అని పుస్తకం తెరిచి మూడు విషయాలు చదవండి. "వీటిలో మొదటి ఏడాది ఈ రెండూ చేయిస్తాను, మూడోదానికి పై నుంచి నిధులు రావాలి, అడుగుతాను. పంచాయతీకి వచ్చిందెంత, పోయిందెంత మూడు నెలలకొకసారి ఇక్కడికే వచ్చి చదివి వినిపిస్తాను." ఇంతే. ఇంట్లో కూర్చొని రాసుకోండి, మీ పిల్లల ముందు చదవండి, చేతిలో కాగితం ఉంటే చిన్నతనం అనుకోవద్దు.

మీ వారి స్నేహితులు పరువు మాట ఎత్తారని రాశారు. రేపు ఫ్లెక్సీలో మీ ఫొటో కంటే ఆయన ఫొటో పెద్దదిగా వేయాలని చెప్పేది కూడా వాళ్లే. దానికి ఒప్పుకోవద్దు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు రిజర్వు చేసినా, చాలా పంచాయతీల్లో కుర్చీలో భర్త కూర్చుంటే భార్య సంతకం పెట్టడం ఇంకా సాగుతూనే ఉంది. ఓటరు ఆ సంగతి ప్రచారంలోనే పసిగడతాడు. ఇంటింటికీ వెళ్లినప్పుడు మాట్లాడేది మీరే కావాలి, నామినేషన్ పత్రం చదివి సంతకం పెట్టేది మీరే కావాలి, "అయ్యగారిని అడిగి చెబుతాను" అన్న మాట మీ నోట ఒక్కసారి కూడా రాకూడదు. మీ వారికి ఏ పని అప్పగించాలో చివర చెబుతాను, అది చిన్నదేమీ కాదు.

ఏకగ్రీవం సంగతి. 2021లో ప్రభుత్వం ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రోత్సాహకం ప్రకటించింది. రెండు వేల లోపు జనాభా ఉంటే అయిదు లక్షలు, అయిదు వేల లోపు అయితే పది లక్షలు. ఊరి పెద్దలు ఈ డబ్బు చూపించి మిమ్మల్ని తప్పుకోమనవచ్చు. ఊరంతా కూర్చొని, మిమ్మల్నీ మాట్లాడనిచ్చి, నిజంగా అందరూ ఒక మాటకు వస్తే అందులో తప్పు లేదు. ఆ ఒక్కరు మీరే ఎందుకు కాకూడదని కూడా అడగండి. కానీ గుడికి ఇంత, ఊరికి ఇంత అని పదవిని వేలం పాడటం నేరం. బెదిరించి ఉపసంహరింపజేయడమూ నేరమే. 2021లో చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో ఏకగ్రీవాలు అసాధారణంగా ఎక్కువగా వచ్చాయని అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ వాటి ప్రకటనను ఆపి కలెక్టర్ల నుంచి నివేదికలు కోరారు. మీ సంతకం లేకుండా మీ నామినేషన్‌ను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఉపసంహరణ గడువు ముగిసేదాకా కాగితాల మీద ఎక్కడా సంతకం పెట్టకండి, ఆ రెండు మూడు రోజులు ఒంటరిగా ప్రయాణాలు చేయకండి. ఒత్తిడి వస్తే రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

పార్టీల విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు, అయినా ప్రతి అభ్యర్థి వెనుకా ఏదో ఒక పార్టీ ఉంటుందన్నది అందరికీ తెలిసిందే. మండల నాయకులను కలవండి, ఫలానా రోజు నామినేషన్ వేస్తున్నానని గౌరవంగా చెప్పండి, రెండు పక్షాల వారికీ చెప్పండి. కండువా మాత్రం వేసుకోవద్దు. మీ ఊళ్లో అసెంబ్లీ ఎన్నికల్లో చెరో పార్టీకి వేసిన అక్కాచెల్లెళ్లు ఒకే సంఘంలో ఉన్నారు. కండువా వేసుకున్న రోజున వాళ్లలో సగం మంది మీకు దూరమవుతారు.

మీ సమయం వెచ్చించాల్సిన మరో పని పది వార్డులకు మనుషులను వెతకడం. దీన్ని కొత్తవారు దాదాపు ఎప్పుడూ వదిలేస్తారు. సర్పంచ్‌ను జనం నేరుగా ఎన్నుకుంటారు గాని, ఉప సర్పంచ్‌ను ఎన్నుకునేది వార్డు సభ్యులు, పంచాయతీ తీర్మానాలు నెగ్గాలన్నా వాళ్ల మద్దతు కావాలి. పదింటిలో ఏడు వార్డులు ఎదుటివారికి పోతే గెలిచిన సర్పంచ్ అయిదేళ్లూ ఒక్క తీర్మానం కోసం బతిమాలుకోవాల్సి వస్తుంది. పైగా సాధారణంగా వార్డుకో పోలింగ్ కేంద్రం ఉంటుంది కాబట్టి ప్రతి కేంద్రంలో మీకు ఏజెంటు కావాలి. ఆ వార్డులో ప్రతి ముఖాన్నీ గుర్తుపట్టగలిగిన మనిషి వార్డు అభ్యర్థి తరఫునే దొరుకుతారు. చదువుకున్న వారి కోసమే చూడవద్దు. నలుగురికీ పురుడు పోసిన ఆవిడ, పాల కేంద్రం నడిపే అబ్బాయి, పిల్లలకు ట్యూషన్ చెప్పే అమ్మాయి వంటి వాళ్ల మాట వార్డులో చెల్లుతుంది. పోటీ చేసే వయసు 21 నిండితే చాలు.

నామినేషన్‌కు చివరి రోజు దాకా ఆగవద్దు. డిపాజిట్, మీ ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు వివరాల స్వీయ ప్రకటన, సాక్షుల సంతకాలు, ఓటరై ఉన్న ప్రతిపాదకుడు, పన్ను రసీదులు, వీటిలో ఒక్క గడి ఖాళీగా వదిలినా పరిశీలనలో ఇబ్బందే. మీ మీద కేసులేవీ లేకపోతే "లేదు" అని రాయాలి, గీత గీసి వదిలేయకూడదు. మొదటి రోజే వేస్తే, తప్పు బయటపడినా రెండో సెట్టు వేసుకునే వ్యవధి మిగులుతుంది.

గుర్తు వచ్చాక మిగిలే ఆ అయిదు రోజులూ ఒకే పనికి వాడండి. మన పంచాయతీ బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది. అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షర క్రమంలో పేర్చి, ఎన్నికల సంఘం జాబితాలోని ఉంగరం, కత్తెర వంటి గుర్తులను వరుసగా ఇస్తారు కాబట్టి మీకు నచ్చింది కోరుకునే వీలు లేదు. ఏది వచ్చినా ఆ సాయంత్రానికే నమూనా బ్యాలెట్ అచ్చు వేయించి, మీ పుస్తకంలోని వరుసలోనే మళ్లీ ఊరంతా తిరగండి. ప్రతి ఓటరుకూ రెండు బ్యాలెట్లు ఇస్తారు, గత ఎన్నికల్లో సర్పంచ్‌ది గులాబీ రంగు, వార్డు సభ్యునిది తెలుపు. ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడినా, వేలిముద్ర వేసినా ఆ ఓటు చెల్లదు. పెద్దవాళ్లకు కాగితం ఎలా మడవాలో కూడా చూపించండి, ఎందుకంటే తడి సిరా ఎదుటి గుర్తుకు అంటుకుంటే లెక్కింపు బల్ల దగ్గర వాదన మొదలవుతుంది. హైదరాబాదులో, బెంగళూరులో ఉన్న వారికి మీరే స్వయంగా ఫోను చేసి పోలింగ్ తేదీ చెప్పి రమ్మనండి. వారికి బస్సులు పెట్టడం, టికెట్లు కొనడం మాత్రం చేయవద్దు, అది నిబంధనలకు విరుద్ధం.

ఆఖరి రాత్రి ఎదుటివారు డబ్బు పంచుతారు, అది మీకూ తెలుసు. ఫొటో, వీడియో దొరికితే ఫిర్యాదు చేయండి. కానీ తీసుకున్న వాళ్లను దెప్పి పొడవవద్దు. మూడు రోజుల కూలి ముందుకు చాపితే వద్దనగలిగిన స్తోమత అందరికీ ఉండదు. "ఎవరిచ్చినా ఎవరికి వేశావో వాళ్లకు తెలియదమ్మా, మడిచి పెట్టెలో వేసిన కాగితం నీదని అక్కడ ఏ ఏజెంటూ పోల్చలేడు" అన్న ఒక్క మాట ఇల్లిల్లూ తిరిగి చెప్పండి. ప్రమాణాలు చేయించుకున్నారన్న భయం ఉన్నవారికి ఈ మాట చాలా అవసరం.

లెక్కింపు గదికి మీ ఏజెంటుగా గట్టి మనసున్న, లెక్క వచ్చిన మనిషిని పంపండి. బ్యాలెట్లను పాతికేసి కట్టలు కడతారు. ప్రతి కట్టలో పైదాన్నే కాకుండా లోపలి కాగితాలనూ చూడమనాలి, చెల్లని ఓట్లుగా పక్కన పెట్టిన ప్రతి కాగితాన్నీ చూపించమని అడగాలి. సర్పంచ్ ఎన్నికల్లో ఒకటి రెండు ఓట్ల తేడాలు, సమానంగా వచ్చి లాటరీ తీయడాలు ప్రతిసారీ వింటాం. తిరిగి లెక్కించాలని అడగదలిస్తే ఫలితం ప్రకటించక ముందే, కారణం చూపి, రాతపూర్వకంగా అడగాలి. ప్రకటన తర్వాత మిగిలేది కోర్టే.

మీ వారికి అప్పగించవలసిన పని ఖర్చు లెక్క. ఎన్నికల ఖర్చు కోసమే వేరుగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి, నామినేషన్ రోజు నుంచి ఫలితం రోజు దాకా టీ ఖర్చుతో సహా ప్రతి రూపాయీ తేదీవారీగా రాసి, బిల్లులు అంటించి ఉంచమనండి. ఫలితం వెలువడిన 45 రోజుల్లోగా ఆ లెక్కను ఎంపీడీఓ కార్యాలయంలో ఇవ్వాలి. గెలిచినవారే కాదు, ఓడినవారూ ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్ల పాటు పోటీకి అనర్హులవుతారు. ఓడాక ఎవరడుగుతారులే అని వదిలేసి తర్వాతి ఎన్నికలకు దూరమైన వాళ్లు ఉన్నారు. ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకొని, దాని నకలును మీ ఇంటింటి పుస్తకంలోనే పెట్టుకోండి.